మిగిలిన పాలు, కోసిన రొట్టె: గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ కథ

(ఒక పట్టణ గ్రంథాలయంలో, డెయిరీ టెక్నాలజీ బోధించి రిటైరైన అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూచున్నవాళ్లకి వినబడుతోందాండీ? సరే. బల్ల మీద ఈ పొయ్యీ, పెనమూ ఎందుకని ఇందాకట్నుంచి అడుగుతున్నారు. మాట్లాడుతూ మధ్యలో కొంచెం వండుతాను. నలభై మందికి సరిపోయేంత తేలేదు, ముందే చెప్తున్నా. (నవ్వులు)

గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ అంటే మీకు తెలిసిందే. రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో చీజ్, బయట వెన్న, కింద పెనం. దీన్ని ఫలానా ఆయన కనిపెట్టాడని చెప్పడానికి పేరు లేదు. చీజ్ తినే ప్రతి దేశంలోనూ దాన్ని రొట్టె మీద కరిగించుకుని తిన్నారు. ఇంగ్లండులో 18వ శతాబ్దానికే వెల్ష్ రాబిట్ ఉంది, అంటే కాల్చిన రొట్టె మీద కరిగించిన చీజ్ పోసింది. పారిస్ కాఫీ హోటళ్లలో 1910 నాటికి క్రోక్ మస్యూ అమ్ముతున్నారు, అందులో పంది మాంసం కూడా ఉంటుంది. ఇవన్నీ మన శాండ్‌విచ్‌కి పెద్దనాన్నలూ పినతండ్రులూ అనుకోండి. నేను చెప్పబోయేది అమెరికా శాండ్‌విచ్ సంగతి. దాని వెనక వంటవాళ్లెవరూ లేరు. ఉన్నది ఒక నగల షాపుల యజమాని, ఒక గుర్రబ్బండి చీజ్ వ్యాపారి. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం. ముగ్గురికీ రుచి గొడవ లేదు. ఒకరికి రొట్టె, ఒకరికి చీజ్, మూడోవారికి మిగిలిపోయిన పాలు. ఈ మిగులు పాల మాట మాత్రం మర్చిపోకండి, చివరిదాకా వస్తుంది.

ముందు నగలాయన. పేరు ఆటో ఫ్రెడరిక్ రోవెడర్, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌వాడు. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో మూడు నగల దుకాణాలుండేవి. రొట్టెని ఒక్కసారే సమానంగా ముక్కలు కోసే యంత్రం చెయ్యాలని పట్టుకుంది ఆయనకి. షాపులు అమ్మేశాడు. 1917లో ఆ యంత్రం తయారవుతున్న కార్ఖానా తగలబడి, నమూనా, గీసుకున్న బొమ్మలూ అన్నీ బూడిదయ్యాయి. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

రొట్టె కొయ్యడంలో అంత కష్టమేముందని మీకనిపించొచ్చు. కోయడం కాదండీ కష్టం, కోశాక ఉంచడం. పూర్తి రొట్టెకి చుట్టూ గట్టి పెంకు ఉంటుంది, లోపలి తేమ బయటికి పోదు. ముక్కలు కోశారంటే ప్రతి ముక్కకీ రెండు పక్కలా తడి ఆరిపోతుంది. బేకరీవాళ్లంతా ఆయన మొహం మీదే చెప్పారు, మర్నాటికి ఎండిపోయేదాన్ని ఎవడు కొంటాడయ్యా అని. మొదట్లో ఆయన ముక్కలన్నిటినీ కలిపి టోపీలకి గుచ్చుకునే పొడుగు పిన్నులతో గుచ్చాడట. పిన్నులు ఊడిపోయేవి. తినేవాడి నోట్లో పిన్ను పడితే ఏమవుతుందో ఆలోచించండి! చివరికి, కోసిన వెంటనే మైనపు కాగితంలో బిగించి చుట్టేసే యంత్రం చేశాడు. 1928 జులై 7న మిస్సోరీలోనే చిలికోతీ అనే ఊళ్లో, చిలికోతీ బేకింగ్ కంపెనీ మొట్టమొదటిసారి కోసిన రొట్టెని అమ్మకానికి పెట్టింది. ఆ బేకరీ యజమాని ఆయన స్నేహితుడే. తక్కినవాళ్లు నమ్మలేదు మరి. 1930 నుంచి వండర్ బ్రెడ్ అనే రొట్టెల బ్రాండు దాన్ని దేశమంతా తీసుకెళ్లింది. ఇంకో నాలుగైదేళ్లకి కోయని రొట్టె కొనేవాళ్లే తక్కువైపోయారు.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జనవరి 18న, అమెరికాలో కోసిన రొట్టె అమ్మకాన్ని నిషేధించారు. వ్యవసాయ మంత్రి క్లాడ్ విక్కర్డ్ ఉత్తర్వు అది. కోసిన రొట్టెకి మందమైన మైనపు కాగితం కావాలి, దాన్ని పొదుపు చెయ్యాలని చెప్పారు. ఇల్లాళ్లు ఊరుకుంటారా? ఒకావిడ న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసింది. పొద్దున్నే భర్త, నలుగురు పిల్లలు హడావుడిగా బయల్దేరుతుంటే, గబగబా 22 ముక్కలు చేత్తో కోయాల్సి వస్తోందని లెక్కతో సహా చెప్పింది. మార్చి 8కల్లా నిషేధం ఎత్తేశారు. పదిహేనేళ్ల కిందట లేనే లేని వస్తువు లేకపోతే ఇల్లు నడవని పరిస్థితి వచ్చింది, చూడండి.

ఇప్పుడు పెనం పెట్టేస్తాను. వేడి తక్కువ. ఎంత తక్కువంటే, చెయ్యి పైన పెట్టి హాయిగా ఉంచగలిగేంత. అది వేడెక్కేలోపు రెండో ఆయన దగ్గరికి వెళ్దాం.

జేమ్స్ క్రాఫ్ట్. కెనడాలో ఆంటారియోలో పుట్టాడు. 1903లో 65 డాలర్లతో షికాగో వచ్చాడు. ఒక గుర్రాన్నీ బండినీ అద్దెకి తీసుకుని, పొద్దున్నే టోకు బజారులో చీజ్ కొని కిరాణా కొట్లకి వేసేవాడు. అప్పట్లో చీజ్ పెద్ద పెద్ద చక్రాల్లా వచ్చేది. కొట్టువాడు కోసి అమ్మేవాడు. కోసిన చోట ఎండిపోయేది, ఎండాకాలంలో నూనె కారేది, బూజు పట్టేది. ఆ ఎండినదాన్ని, బూజు పట్టినదాన్ని చెక్కి పారెయ్యాలి. పారేసిందంతా నష్టమే. క్రాఫ్ట్ వాడకందార్లంతా ఈ కొట్లవాళ్లే కాబట్టి వాళ్ల ఏడుపు రోజూ విన్నాడు.

ఆయన చేసిందేమిటంటే, చెడ్డర్ చీజ్‌ని తరిగి, సుమారు 80 డిగ్రీల వేడి దగ్గర పావుగంట సేపు ఆపకుండా కలిపి, ఆ వేడిమీదే డబ్బాల్లో పోసి మూసేశాడు. సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఇంక మాగదు, బూజు పట్టదు. 1916లో పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. సైన్యానికి 60 లక్షల పౌండ్ల బరువు డబ్బా చీజ్ అమ్మాడు. ఇంటికి తిరిగొచ్చిన సైనికులకి ఆ రుచి అలవాటైపోయింది.

ఇక్కడ స్విట్జర్లాండ్‌వాళ్లకి న్యాయం చెయ్యాలి. క్రాఫ్ట్ కన్నా ముందే, 1911లో, తున్ అనే ఊళ్లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు ఎమ్మెంటాల్ చీజ్‌తో ఇలాంటిదే చేశారు. వేడి దేశాలకి ఎగుమతి చేస్తే చెడిపోకూడదని వాళ్ల తాపత్రయం. వాళ్లు కలిపింది సోడియం సిట్రేట్. నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లపు లవణం అది. నన్నడిగితే ఈ శాండ్‌విచ్ కథలో అసలు నాయకుడు ఆ లవణమే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, దీన్ని వదిలిపెట్టి ముందుకి పోలేను. ఓపిక పట్టండి.

పెనం మీద మూడు ముక్కలు వేస్తున్నాను. ముందున్నవాళ్లు లేచి వచ్చి చూడండి, ఫరవాలేదు. ఎడమ పక్కది పనీర్. మధ్యది బాగా మాగిన చెడ్డర్, పేకెట్ మీద 12 నెలలని ఉంది. కుడి పక్కది మామూలు ప్రాసెస్డ్ స్లైస్, అంటే ఇందాక చెప్పినట్టు వేడి చేసి, ఆ లవణం కలిపి చేసిన చీజ్.

పాలల్లో కేసీన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చిన్న చిన్న ఉండల్లా ఉంటుంది, ఆ ఉండల్ని కట్టి ఉంచేది కాల్షియం. చీజ్‌లో ఈ కేసీన్ ఒక వలలా అల్లుకుని, కొవ్వునీ నీటినీ పట్టుకుని ఉంటుంది. వేడి చేస్తే ముందు కొవ్వు కరుగుతుంది, 32, 35 డిగ్రీల దగ్గరే. వేడి ఇంకా పెరిగి 60 దాటాక ఆ వల వదులవుతుంది, అప్పుడు చీజ్ పారుతుంది. మీకు కావలసింది ఆ క్షణం. దాన్ని దాటిపోతే వల మళ్లీ బిగుసుకుంటుంది. బిగుసుకుని, పట్టుకున్న నూనెని బయటికి పిండేస్తుంది. మధ్య ముక్క చూడండి, చుట్టూ పసుపు నూనె వస్తోంది కదా? మాగిన చీజ్‌లో ప్రోటీన్ అప్పటికే విరిగి ముక్కలై ఉంటుంది, కొవ్వుని పట్టుకునే శక్తి తక్కువ. రుచి దీనికే ఎక్కువ, తంటా కూడా దీంతోనే.

కుడి పక్కది చూడండి. కారిపోయింది, మెరుస్తోంది, ఒక్క చుక్క నూనె లేదు. సిట్రేట్ వెళ్లి కేసీన్ దగ్గరున్న కాల్షియాన్ని లాగేసుకుంటుంది, ఆ స్థానంలో సోడియం చేరుతుంది. కాల్షియం కట్టు విడిపోయాక కేసీన్ నీళ్లలో కలిసిపోగలదు, ఒక చివర కొవ్వుని, ఒక చివర నీళ్లని పట్టుకుంటుంది. గిన్నె తోమేటప్పుడు సబ్బు జిడ్డుని నీళ్లలో కలుపుతుందే, అలాగ. ఇంక మీరు ఎంతసేపు వేడి చేసినా అవి విడిపోవు. తర్వాత తర్వాత సిట్రేట్‌తోపాటు ఫాస్ఫేట్లు కూడా వాడుకలోకి వచ్చాయి, పని అదే.

పనీర్ మాత్రం ఎలా వేశానో అలాగే ఉంది. (నవ్వులు) కింద ఎర్రబడింది, కరగలేదు. గంట ఉంచినా కరగదు. పనీర్‌కి పాలని దాదాపు మరిగేదాకా కాచి, నిమ్మరసమో మరొకటో పోసి విరగ్గొడతాం. అంత కాచినప్పుడు, చీజ్ చేసేటప్పుడైతే నీళ్లతో వెళ్లిపోయే ప్రోటీన్లు కూడా కేసీన్‌కి అతుక్కుపోతాయి. పైగా పులుపు వేసి గట్టిపరిచిన వల వేడికి వదులు కాదు, ఉన్న నీళ్లు పోయి ఇంకా గట్టిపడుతుంది. కూరలో పనీర్ ముక్క ముక్కగానే నిలబడేది అందుకే. ఇంటర్నెట్‌లో పనీర్ గ్రిల్డ్ చీజ్ అని పెడుతుంటారు. తినండి, బాగానే ఉంటుంది. సాగుతుందని మాత్రం ఎదురుచూడకండి.

సరే, కథ. 1928 నాటికి కోసిన రొట్టె వచ్చేసింది, పాడవని చీజ్ వచ్చేసింది. మరుసటి ఏడాదే స్టాక్ మార్కెట్ కూలింది, మహా మాంద్యం వచ్చింది. చవగ్గా కడుపు నిండాలి. కత్తి అక్కర్లేదు, కొలత అక్కర్లేదు, వంట రానివాడు కూడా చేసుకోవచ్చు. చాలా ఇళ్లల్లో ఒక ముక్క మీదే చీజ్ తురిమి కాల్చుకునేవాళ్లు, పైన రెండో ముక్క ఉండేది కాదు. యుద్ధకాలంలో నౌకాదళం వంటశాలల్లో కూడా అమెరికన్ చీజ్ శాండ్‌విచ్‌లు చేశారు. ఇప్పుడు మనం చూసే మూతపెట్టిన రూపం అందరికీ అలవాటవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1950లో క్రాఫ్ట్ కంపెనీ ముందే కోసిన చీజ్ ముక్కలు తెచ్చింది. చీజ్ కోస్తే అంటుకుపోతుంది, అందుకని వేడి చీజ్‌ని చల్లటి రోలర్ల మీద పలచటి రేకులా పోసి, ఆ రేకుని ముక్కలు చేశారు. 1965లో ఒక్కొక్క ముక్కకీ విడిగా ప్లాస్టిక్ కాగితం చుట్టారు. రొట్టె చదరం, చీజ్ చదరం. ఇంక మిగిలిందేముంది, పిల్లలే చేసుకోవడం మొదలుపెట్టారు.

మూడో పాత్ర, ప్రభుత్వం. 1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన జాతీయ పాఠశాల భోజన చట్టానికి రెండు ఉద్దేశాలు. పిల్లల ఆరోగ్యం ఒకటి. రైతుల పంట దేశంలోనే ఖర్చవడం రెండోది. చట్టంలోనే రాసుకున్నారు, దాచలేదు. స్కూలు భోజనంలో గ్రిల్డ్ చీజ్, పక్కన గిన్నెడు టమాటా సూప్. ఆ సూపు కూడా కార్ఖానాదే. క్యాంప్‌బెల్ కంపెనీలో జాన్ డోరెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1897లో నీరు తగ్గించిన డబ్బా సూపులు తయారుచేశాడు. పులుపు, ఉప్పు, కొవ్వు మూడూ ఒక పళ్లెంలో కలిశాయి. రుచి మాట అనకూడదనుకున్నాను గానీ, ఈ జోడీ మాత్రం నిజంగా రుచిగా ఉంటుంది.

అసలు మలుపు 1970ల చివర్లో వచ్చింది. పాడి రైతుకి గిట్టుబాటు ధర ఇవ్వడానికి, మిగిలిన పాలని చీజ్, వెన్న, పాలపొడి రూపంలో ప్రభుత్వమే కొనేది. అధ్యక్షుడు కార్టర్ కాలంలో ఆ ధర పెంచారు. కొంటానని హామీ ఇస్తే పితకనివాడెవడు? 1981కల్లా ప్రభుత్వం గోదాముల్లో 50 కోట్ల పౌండ్లకి పైగా చీజ్ పేరుకుపోయింది. కాన్సస్ సిటీ దగ్గర సున్నపురాయి తవ్వేసిన గుహల్లో కూడా నిలవచేశారు, లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి. ఆ ఏడాది వ్యవసాయ మంత్రి జాన్ బ్లాక్ విలేకరుల ముందు బూజు పట్టిన అయిదు పౌండ్ల చీజ్ దిమ్మని ఎత్తి చూపించాడు. అమ్మలేకపోతున్నాం, కొంత పంచిపెట్టాలని చూస్తున్నాం అన్నాడు. ఆ డిసెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ 3 కోట్ల పౌండ్లు పేదలకి పంచమన్నాడు. అట్టపెట్టెలో అయిదు పౌండ్ల దిమ్మ, రెండున్నర కిలోలకి కాస్త తక్కువ. దాన్ని 'గవర్నమెంట్ చీజ్' అనేవాళ్లు. వరసలో నిలబడి తెచ్చుకోవడం చాలామందికి నామోషీగా ఉండేది. కానీ ఆ చీజ్‌తో చేసిన శాండ్‌విచ్ బాగుండేదని ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. ప్రాసెస్డ్ చీజే కదా, చక్కగా కరిగేది.

నవ్వకండి, ఆ మిగులు పాల కథలో మనమూ ఉన్నాం. మన దగ్గరికి వచ్చినవి మాత్రం యూరప్ మిగులు పాలు. అక్కడ కూడా వెన్న, పాలపొడి గుట్టలుగా పేరుకున్నాయి. 1970లో మన ఆపరేషన్ ఫ్లడ్, అదే పాల విప్లవం, మొదలైంది వాటితోనే. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ వచ్చాయి. దాన్ని నడిపించిన వర్గీస్ కురియన్ వాటిని ఊరికే పంచిపెట్టలేదు. నీళ్లు కలిపి పాలుగా చేసి నగరాల్లో అమ్మించి, ఆ డబ్బుతో పల్లెల్లో సహకార సంఘాలు, చిల్లింగ్ కేంద్రాలు కట్టించాడు. అమెరికావాళ్లు మిగిలిన పాలని జనానికి పంచారు, మనవాళ్లు దాన్ని పెట్టుబడి చేశారు. నాకు ఈ రెండోదే నచ్చుతుంది, దాచుకోను. మన దగ్గర స్లైసులు, దిమ్మలు అమ్ముతున్న అమూల్ కూడా సహకార సంఘాలదే, కాకపోతే అది అంతకుముందే, 1946లోనే మొదలైంది.

ఇక శాండ్‌విచ్. ఈ రెండు ముక్కల మందం చూడండి, వేలు మందం కన్నా తక్కువ. మరీ మందమైతే లోపల వేడి చేరేలోపు బయట మాడుతుంది. వెన్న పెనం మీద వెయ్యను, రొట్టెకి రాస్తాను, అంచులదాకా. వెన్న మెత్తగా ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసి రాస్తే రొట్టె చిరుగుతుంది. లోపల ఒక స్లైసు, దాని మీద తురిమిన చెడ్డర్ గుప్పెడు. ఈ రెండూ కలపడంలో కిటుకుంది. స్లైసులో ఉన్న లవణాలు పక్కనున్న చెడ్డర్‌కి కూడా సాయం చేస్తాయి, నూనె విడవడం తగ్గుతుంది. చెడ్డర్ రుచి ఇస్తుంది. మూత పెడుతున్నాను, ఒక్క నిమిషం. ఆవిరికి చీజ్ మెత్తబడుతుంది. తర్వాత మూత తీసెయ్యాలి, లేకపోతే రొట్టె తడిసిపోతుంది.

చప్పుడు వినండి. సన్నగా చిటపటలాడుతోంది కదా, వెన్నలో నీళ్లుంటాయి, నూటికి పదహారు పాళ్లు, ఆ నీళ్లు పోతున్నాయి. అవి పోయేదాకా రొట్టె ఎర్రబడదు. చప్పుడు సద్దుమణిగితే రంగు వస్తోందన్నమాట. ఇదుగో, తిప్పుతున్నా... బంగారు రంగు. అట్లకాడతో అదమకండి, చీజ్ పక్కలకి వచ్చేస్తుంది. రెండో పక్క తొందరగా అవుతుంది, పెనం అప్పటికే వేడెక్కి ఉంటుంది. దించాక పళ్లెంలో వెయ్యకుండా జాలీ మీద పెట్టండి, కింద ఆవిరి పట్టి మెత్తబడదు. కోసే ముందు ఒక నిమిషం ఆగండి, లేకపోతే చీజంతా బయటికి వచ్చేస్తుంది.

అవునమ్మా, చెప్పు. మయొనీసా? కొందరు వెన్నకి బదులు అదే రాస్తారు. నూనె, గుడ్డు. త్వరగా మాడదు, రంగు సమానంగా వస్తుంది. వెన్న వాసన రాదు. నెయ్యీ అంతే, కరకరలాడుతుంది గానీ, కాచినప్పుడు పాలపదార్థమంతా గసిగా విడిపోయింది కాబట్టి వెన్న ఇచ్చే ఆ కమ్మదనం తక్కువ. ఇంట్లో ఏదుంటే అది వాడుకో తల్లీ.

ఈ పక్కన బాబు ఏదో అడుగుతున్నాడు. ఆ... మేరీమాత శాండ్‌విచా! నిజమే. ఫ్లోరిడాలో ఒకావిడ తన శాండ్‌విచ్ మీద మేరీమాత మొహం కనిపించిందని పదేళ్లు దాచింది. 2004లో ఈబే అనే ఇంటర్నెట్ వేలం సైటులో ఒక క్యాసినో దాన్ని 28,000 డాలర్లకి కొంది. బూజు పట్టలేదట. రొట్టె బాగా ఎండిపోయి, ఉప్పూ కొవ్వూ ఉన్న చోట బూజుకి పెద్దగా చోటు దొరకదు. మహిమ సంగతి మీ ఇష్టం. (నవ్వులు)

వెనక పెద్దావిడ చెయ్యి ఎత్తారు. చెప్పండమ్మా. (ప్రశ్న: మా మనవరాలు డల్లాస్‌లో ఉంటుందండీ. స్కూల్లో మాంసం తినదు, రోజూ ఇదే తింటానంటుంది. ఇది శాకాహారమేనా?)

చాలా మంచి ప్రశ్న. అమెరికాలో మన పిల్లలకి స్కూలు క్యాంటీన్‌లో మాంసం లేకుండా దొరికేవి కొన్నే, పీజ్జా, ఇదీ. చీజ్ చెయ్యడానికి పాలని తోడు పెట్టాక రెన్నెట్ వేసి గడ్డ కట్టిస్తారు. పాతకాలంలో అది లేగదూడ కడుపు పొరలోంచి తీసేవాళ్లు. అందులో పనిచేసేది కైమోసిన్ అనే ఎంజైము. 1990లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, సూక్ష్మజీవుల చేత తయారుచేయించిన కైమోసిన్‌కి అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి ద్వారా వచ్చిన ఎంజైముల్లో ఆహారానికి అనుమతి దొరికిన మొదటిది అదే. ఇవాళ అక్కడ చీజ్‌లో ఎక్కువ భాగం దాంతోనే చేస్తున్నారు. అయితే లేబుల్ మీద ఊరికే 'ఎంజైములు' అని ఉంటే ఏ ఎంజైమో మీకు తెలీదు. 'మైక్రోబియల్' అనో 'వెజిటేరియన్ రెన్నెట్' అనో రాసి ఉంటే నిశ్చింత. పార్మిజానో లాంటి ఇటలీ చీజ్‌లలో సంప్రదాయం ప్రకారం దూడ రెన్నెట్టే వాడాలి, అది మాత్రం మానమనండి. మన దగ్గరైతే పేకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. మీ మనవరాలి స్కూల్లో ఏ కంపెనీ స్లైసు వాడతారో వాళ్లమ్మని క్యాంటీన్‌లో అడగమనండి, పేరు చెప్తారు. పేరు తెలిస్తే కంపెనీకి ఒక మెయిల్ రాయమనండి, ఏ రెన్నెట్ అని. ఈ ప్రశ్న వాళ్లకి కొత్తేం కాదు, జవాబిస్తారు.